చేతులు ఒళ్ళో పెట్టుకోండి

కంటి వెనక పొర ఊడిందని ఆపరేషన్ చేసి, కంట్లోకి ఒక గాలిబుడగ ఎక్కించి, బోర్లా పడుకోమన్నారు. బోర్లా అంటే మామూలు బోర్లా కాదు. నిద్రలోనూ మెలకువలోనూ, తింటున్నా తాగుతున్నా, ముఖం నేలవైపే ఉండాలి. ఆ బుడగ పైకి తేలి పొరను ఒత్తి పట్టుకుంటేనే అది అతుక్కుంటుందట. తల ఎత్తితే చూపు పోయినట్టేనని డాక్టరమ్మ చాలా మర్యాదగా చెప్పింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లల్ని తల దించుకుని రాసుకోమని గదమాయించినదాన్ని, ఇప్పుడు ఆ మాట నాకే వచ్చి తగులుకుంది. మా అమ్మాయి సుధ మంచం అంచున దిండ్లు పేర్చి, ముఖం కిందికి వేలాడేలా సర్దింది. కట్టులేని కంటికి కనిపించేది గచ్చు, గచ్చు మీద ఒక పగులు, వచ్చిపోయే వాళ్ళ పాదాలు. అనంతపురంలో మాకున్న చుట్టాలందరూ నాకు ఆ రోజుల్లో పాదాలుగానే తెలిశారు. ఎవరు మడమలు పగిలినా పట్టించుకోరో, ఎవరు చుట్టపుచూపుకు కూడా గోళ్ళకు రంగేసుకుని వస్తారో నాకు బాగా తెలుసు.

పుస్తకం పట్టుకోవడానికి లేదు, టీవీ చూడ్డానికి లేదు. నా విసుగు ఇంట్లోవాళ్ళు భరించలేక, సుధ ఒకరోజు తన ఫోనులో ఒక సస్పెన్స్ నవల పెట్టి, తలవైపున్న అలమరలో ఉంచి బ్యాంకుకు వెళ్ళిపోయింది. ఆడియో పుస్తకమట. దాన్ని పెట్టుకునే వంట చేస్తుంది, బట్టలు మడుస్తుంది, స్కూటరు మీద కూడా వింటుంది. ఎవరో ఆడమనిషి గొంతు, మంచి గొంతే, చదవడం మొదలుపెట్టింది. కొండమీద ఒక విడిదిల్లు, అక్కడికి ఉద్యోగానికి వచ్చిన ఒక అమ్మాయి, రాత్రి బయటనుంచి గడియ పడిన చప్పుడు. మొదట నవ్వొచ్చింది. ఇలాంటివి నా చిన్నప్పుడు ఎన్ని విన్నానని! కానీ కథ సాగేకొద్దీ ఆ అమ్మాయి ఉన్న గది ఇరుకైపోయింది. కిటికీకి చెక్కలు కొట్టేశారు. తలుపు అవతల ఎవరో నిలబడి ఊపిరి పీలుస్తున్నారు. నాకు ఊపిరాడలేదు. కాసేపు ఆగితే బాగుండును అనుకున్నాను. ఆ గొంతు ఆగదే. ఒక అధ్యాయం అయిపోతే దానంతటదే ఇంకోటి వస్తోంది. అలమర నా తల వెనక ఉంది. తిరగడానికి లేదు, లేవడానికి లేదు. "ఆపమ్మా," అని పైకే అన్నాను. ఆమె చదువుకుంటూ పోయింది.

నవ్వుకోండి, పరవాలేదు. అరవై దాటిన మనిషి, మధ్యాహ్నపు ఎండలో, సొంత ఇంట్లో, ఒక ఫోను చెప్పే కథకు భయపడి చెమటలో తడిసిపోయింది. అప్పుడే నా చేతిని చూసుకున్నాను. మంచం కిందికి వేలాడుతున్న నా కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ దుప్పటి అంచును పట్టుకుని నొక్కుతున్నాయి. నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కుతున్నాయి. ఇది శనక్కాయ ఒలిచే నొక్కుడు. ఆ పని మానేసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. వేళ్ళకు గుర్తుంది.

బెళుగుప్పకు పోయే దారిలో ఉన్న ఊరు మాది. పేరు చెప్పను, మావాళ్ళు ఇంకా ఉన్నారక్కడ. మాది కోమట్ల ఇల్లు. ముందు సగం అంగడి, వెనక సగం మేము, నడుమ ఒక తలుపు. తలుపుకు అవతల నాయన, బెల్లం దిమ్మెలు, చింతపండు బుట్టలు, ఊరి మగవాళ్ళ మాటలు. ఇవతల మేము. ఆడవాళ్ళు అంగట్లోకి పోకూడదు, అంగట్లో మగవాళ్ళుంటే గట్టిగా మాట్లాడకూడదు, తలుపు సందులోంచి తొంగిచూడడం మాత్రం అందరూ చేసేవాళ్ళు, మా అవ్వతో సహా. అవ్వ అంటే నాయనకు అమ్మ. పొట్టి మనిషి, నడుం దగ్గర కొంచెం వంగి ఉండేది, మాట మాత్రం వంగేది కాదు. నాయన ఊళ్ళో అందరికీ శెట్టి. ఇంట్లో అవ్వ ముందు మాత్రం ఏమప్పా అని పిలిపించుకునే కొడుకే.

అంగడితోపాటు కొంత ఎర్రనేల కూడా ఉండేది. వాన పడితే పంట, లేకపోతే లేదు. పడని ఏళ్ళే ఎక్కువ. అయినా ప్రతి ఎండాకాలం విత్తనానికని దాచిన కాయలు నడిమింట్లో కుప్ప పోసేవాళ్ళు. ముందురోజు కాయల మీద నీళ్ళు చిలకరించి తడి గోనెలు కప్పితే పైతొక్క మెత్తబడుతుంది. పొద్దున గోనె తీయగానే వచ్చే వాసన, తడి మట్టీ గోనెనారా పచ్చి శనక్కాయ పప్పూ కలిసిన వాసన, ఇప్పటికీ నాకు ఎండాకాలం వాసన అదే. కూలికి వచ్చిన ఆడవాళ్ళూ, అమ్మా, అవ్వా కుప్ప చుట్టూ కూర్చునేవాళ్ళు. బొటనవేలికి గుడ్డపీలిక కట్టుకుని, కాయ మొన దగ్గర ఒక్క నొక్కు నొక్కితే టప్‌మని విడిపోవాలి, లోపలి గింజలకు దెబ్బ తగలకూడదు. ఈ పనిలో ఉన్న తంటా అంతా అక్కడే ఉంది. విత్తనపు గింజ రెండు బద్దలైతే మొలవదు. పైన ఎర్రపొర చిట్లినా నమ్మకం లేదు. నూనెకైతే ఎట్లా ఒలిచినా చెల్లుతుంది, విత్తనానికి అలా కాదు. బిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకోండమ్మా అని అవ్వ తిరుగుతూ ఉండేది. ఒక్కొక్కరి చాటలోంచి గుప్పెడు తీసి, అరచేతిలో పరిచి, బద్దలన్నీ ఏరి పక్కన పారేసేది. ఆ బద్దలు నూరుకున్న పచ్చడే మా ఊరిబిండి. సంగటిలోకి ఊరిబిండి ఎక్కువగా వచ్చిన రోజు పని సరిగా జరగలేదన్నమాట.

అట్లాంటి ఒక ఎండాకాలం, కుప్ప ఇంకా సగం కూడా కానప్పుడు, మా రత్నత్త బళ్ళారినుంచి బస్సు దిగి వచ్చింది. రత్నత్త నాయనకు చెల్లెలు. పెళ్ళయి బళ్ళారిలో నూనె అంగడి ఉన్న ఇంటికి వెళ్ళింది. మనిషి చక్కని మనిషి, మాటకారి, పెళ్ళికి ముందు మా ఇంట్లో నవ్వంతా ఆమెదే. ఈసారి చేతిసంచితో ఒక్కతే వచ్చింది. పండగ కాదు, పురుడు కాదు. విత్తనాలు ఒలిచేదానికి సాయం వచ్చినానని చెప్పింది. బళ్ళారి సావుకారి భార్య కాయలు ఒలవడానికి ఇంత దూరం వచ్చిందంటే చంటిపిల్లలు కూడా నమ్మరు. ఆ సాయంత్రం అవ్వా ఆమే వంటింట్లో చాలాసేపు గుసగుసగా మాట్లాడుకున్నారు. నేను విన్నది ఒక్క మాటే, ఆడ ఉండలేనమ్మా అని. నాయనకు అంతకన్నా ఎక్కువ చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు, అడగడానికి ఆయనకు మనసు రాలేదు. సంసారమన్నాక ఏవో ఉంటాయి, పుట్టింట్లో కూర్చుంటే ఊరు ఊరుకుంటుందా అన్నాడు. అత్త భర్త, అంటే నాయనకు బావ, ఎంత జాగ్రత్త గల మనిషో ఆయనకు బాగా తెలుసు. అంగడి మూసి తాళం వేశాక ఒకసారి గుంజి చూస్తాడు, వీధి చివరిదాకా పోయి మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకోసారి గుంజి చూస్తాడు. వ్యాపారం చేస్తే అట్లా చేయాలని ఆ సంగతి నాయన మా అందరికీ పదేపదే చెప్పేవాడు. కడకు నాయన ఒక మాట తేల్చాడు.

"ఇత్తనం పడనీ. పడినంక నేనే పిల్చుకోనిపోయి బళ్ళారిలో దిగబెట్టొస్తా."

అంతే, ఇంట్లో లెక్క తెలిసిపోయింది. వాన వస్తే విత్తనం పడుతుంది. విత్తనం పడితే అత్త పోతుంది. ఊరంతా మబ్బుకోసం తల ఎత్తి చూస్తోంది. కప్పను రోకటికి కట్టి ఆడవాళ్ళు ఇంటింటికీ వస్తే, అమ్మ బిందెడు నీళ్ళు పోసి దండం పెట్టింది. రత్నత్త కూడా పోసింది. దండం మాత్రం పెట్టలేదు. నేనూ పెట్టలేదు. వాన రావద్దని కోరుకునే పిల్ల ఆ సీమ మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. అది ఎంత పాపమో తెలిసే కోరుకున్నాను, అందుకు ఇప్పటికీ నాకు బాధ లేదు.

అత్త సంచిలో రెండు చీరలతోపాటు ఒక డిటెక్టివ్ నవల ఉంది. బస్టాండులో కొన్నదట. అట్ట మీద ఒక బంగళా, పైన కిటికీలో ఒక ఆడమనిషి నీడ. కూర్చున్నచోట కదలకుండా వేళ్ళు మాత్రమే ఆడే పని కదా, కథ చదువు, పొద్దు గడుస్తుందని మరియమ్మ అడిగింది. మరియమ్మ మాకు ప్రతి ఏడూ వచ్చే కూలిమనిషి, ఒలవడంలో చెయ్యి తిరిగినది, నోరు కూడా అంతే. అత్త చదవడం మొదలుపెట్టింది. ఎట్లా చదివేదని! పోలీసు మాట్లాడితే పోలీసు గొంతు, ముసలి నౌకరు మాట్లాడితే ముసలి గొంతు. మేడమీద అడుగుల చప్పుడు వచ్చేచోట ఆమె గొంతు తగ్గించేది, కుప్ప చుట్టూ ఉన్న తలలన్నీ ముందుకు వంగేవి. నేను ఆమె మోకాలికి ఆనుకుని కూర్చునేదాన్ని.

రెండో రోజు అవ్వ చాటలు చూసి అదిరిపడింది. బద్దలే బద్దలు. నీళ్ళు ఎక్కువయ్యాయా, కాయ పుచ్చా, ఎవరైనా కొత్తవాళ్ళు ఒలిచారా అని అందరినీ అడిగింది. చివరికి మరియమ్మే కనిపెట్టి నవ్వింది. కథలో భయం వచ్చినప్పుడల్లా అందరి వేళ్ళూ బిగుసుకుంటున్నాయి. ఎవరికీ తెలియకుండానే కాయను కసిగా నొక్కేస్తున్నారు. ఆ చాటల్లో గింజలు ఏరితే ఎక్కడ బంగళా తలుపు తెరుచుకుందో, ఎక్కడ దీపం ఆరిందో చెప్పేయవచ్చు. పుస్తకం అవతల పెట్టమని అవ్వ అనలేదు. ఆమెకూ ఆ నౌకరు మీద అనుమానంగా ఉంది, తేలకపోతే నిద్రపట్టదు. అందుకని ఒక పద్ధతి పెట్టింది. కథ బిగిసే చోటు రాగానే అవ్వ గట్టిగా, "చేతులు ఒళ్ళో పెట్టుకోండి," అనేది. వెంటనే అందరూ కాయలు వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి. ఆ గండం గడిచి, పోలీసులు కాఫీ తాగుతూనో దారి అడుగుతూనో ఉన్నప్పుడు మళ్ళీ ఒలవాలి. ఎక్కడ బిగుస్తుందో అవ్వకు ఒక వాక్యం ముందే తెలిసిపోయేది. చదువురాని ముసలామెకు ఆ చెవి ఎలా వచ్చిందో నాకు తెలియదు. కథ అలా చేతులకోసం ఆగేది, చేతులు కథకోసం ఆగేవి. అంగట్లో ఉన్న నాయనకు పని నిదానించిందని మాత్రమే తెలిసేది, తలుపు దగ్గరకు వచ్చి దగ్గి పోయేవాడు.

పుస్తకం ఎంతకాలం వస్తుంది? సన్నది. ఒకరోజు నౌకరు దొరికిపోయాడు, బంగళాలో ఆడమనిషి బయటపడింది, డిటెక్టివ్ టోపీ పెట్టుకున్నాడు. చివరి పేజీ నేను ముందే దొంగతనంగా చదివేశాను కనుక నాకు తెలుసు. కానీ అత్త పుస్తకం మూయలేదు. అదే చివరి పేజీ మీద కళ్ళు పెట్టి చదువుతూనే ఉంది. మర్నాడూ చదివింది. ఆ మర్నాడూ చదివింది. పేజీ తిరగడం లేదని నేను తప్ప ఎవరూ గమనించలేదు, ఆమె నా వైపు చూడలేదు, నేను ఎవరికీ చెప్పలేదు. మెల్లగా బంగళా పోయింది. దానిచోట నూనె అంగడి మీద ఒక గది వచ్చింది. తెలగపిండి వాసన గోడలకు పట్టిన గది. ఆ ఆడమనిషి భర్త పొద్దున కిందికి దిగుతూ బయట తాళం వేసి పోతాడు. కిటికీలోంచి ఎవరినో చూసిందని కిటికీకి రేకు కొట్టించాడు. మధ్యాహ్నం దాహమైతే, పొద్దున పెట్టిన చెంబులో నీళ్ళు అయిపోతే, సాయంత్రం దాకా అంతే. ఆమె మెట్ల మీద చెప్పుల చప్పుడు వింటూ కూర్చుంటుంది, రాకపోతే ఆకలి, వస్తే భయం. బంగళా వదిలిపెట్టి ఈయమ్మ ఎప్పుడు ఇక్కడికి వచ్చిందని మరియమ్మ అడిగితే, ఇల్లు మారినారని అత్త చెప్పింది. మరియమ్మ ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. నడిమింట్లో కాయలు విడిపోయే చప్పుడు, అత్త గొంతు, అంతే వినిపించేవి. అవ్వ మా మధ్యే కూర్చుని ఉంది. ఆ కథ సాగినన్నాళ్ళు ఆమె ఒక్కసారి కూడా చేతులు ఒళ్ళో పెట్టుకోమనలేదు, చాటలు చూడలేదు. ఒలిచినదంతా అలాగే మూటల్లోకి పోయింది.

కోరుకున్నవన్నీ జరిగితే ఇంకేం. ఒక మధ్యాహ్నం గాలి లేచి, ఆకాశం నల్లబడి, పెళ్ళున వాన పడింది. ఊరు ఊరంతా వీధిలో తడిసింది. నాయన అంగడి వదిలేసి చొక్కా తడుపుకుంటూ చిన్నపిల్లాడిలా నవ్వాడు. రత్నత్త నడిమింట్లో స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. నేను వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను. మర్నాడు పొద్దునే పదును చూసుకుని విత్తే గొర్రు కట్టించి, విత్తనం బండికి ఎత్తడానికి నాయన మూట విప్పాడు. చెయ్యి లోపల పెట్టి గుప్పెడు తీశాడు, అరచేతిలో చూశాడు. ఇంకో మూట విప్పాడు. అందులోనూ బద్దలే. నాయన కోపిష్టి. కేకలు వేస్తాడని అందరం బిగుసుకుపోయాం. ఆయన కేకలు వేయలేదు. మూటల పక్కన గచ్చు మీద కూర్చుండిపోయాడు. ఎర్రనేల తడి ఎంతసేపు నిలుస్తుంది? ఎండ కాస్తే మళ్ళీ బండే. ఏడాదంతా ఎదురుచూసిన వాన నేలలో ఉంది, వేయడానికి విత్తనం లేదు.

అవ్వ ఎవరినీ తిట్టలేదు. అటక మీదున్న కాయల మూటలు దించమంది. అందరం కూర్చుంటే ఈ పూట విత్తుకు సరిపోతుంది, రేపటిది రేపు చూద్దామంది. అంగడి మూయించింది. నాయనను కూడా కూర్చోమంది. మా ఇంట్లో మగవాడు నడిమింట్లో కుప్ప దగ్గర కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. ఆయన పంచె సర్దుకుని, ఒక చాట ముందు వేసుకుని, తల వంచుకుని ఒలవడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు చేసిన పనే, చెయ్యి బాగానే తిరుగుతోంది. అప్పుడు మరియమ్మ కాయ మీంచి చూపు తీయకుండా అంది.

"నువ్వు ఒకతూరి ఇనలేదు గదా శెట్టీ. కత ఇను. చేతులు బాగా నడుస్తాయి."

నాయన, చదువమ్మా అన్నాడు. అత్త పుస్తకం తెచ్చింది. ఆమె మొదటి పేజీ తీసి బంగళా కథ చదువుకోవచ్చు. నౌకరూ పోలీసూ వచ్చి పోతారు, విత్తనాలు తయారవుతాయి, ఆమె బళ్ళారి బస్సెక్కుతుంది. నేను పేజీలవైపే చూస్తున్నాను. ఆమె చివరి పేజీ తీసింది. నూనె అంగడి మీద గది మొదలైంది. గొంతు మార్చలేదు, ఎవరిలాగానూ నటించలేదు, బజారునుంచి ఏం తేవాలో చెబుతున్నంత మామూలుగా చదివింది. రేకు కొట్టిన కిటికీ వచ్చింది. ఖాళీ చెంబు వచ్చింది. నాయన ఒలుస్తూనే ఉన్నాడు. భర్త పొద్దున తలుపు మూసి తాళం వేశాడు. వేసి ఒకసారి గుంజి చూశాడు. మెట్లు దిగి వెళ్ళాడు. లోపల ఆడమనిషి ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది, ఎందుకంటే ఆయన వీధి చివరిదాకా పోయి మళ్ళీ వెనక్కి వస్తాడు. వచ్చాడు, ఇంకోసారి గుంజి చూశాడు. అప్పుడు గానీ ఆమె ఏడవడానికి లేదు.

నాయన చేతులు ఆగలేదు. అదే నాకు ఆశ్చర్యం. తల వంచుకుని ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూనే ఉన్నాడు. అవ్వ లేచి, ఆయన వెనక్కి వచ్చి, వంగి, చాటలోంచి గుప్పెడు తీసి తన అరచేతిలో పరిచింది. ఒక్క గింజ కూడా నిండుగా లేదు.

"ఏమప్పా," అంది అవ్వ, "ఇత్తనానికి ఒలుస్తాండావా, ఊరిబిండికి ఒలుస్తాండావా?"

నాయన చాట పక్కకు జరిపి లేచి, పెరట్లోకి వెళ్ళి, తొట్టి దగ్గర ముఖం మీద నీళ్ళు కొట్టుకుంటూ చాలాసేపు ఉండిపోయాడు. అత్త పుస్తకం మూసింది. ఆ పూట మిగిలిన కాయలు అందరూ మాట లేకుండా ఒలిచారు, అవ్వ ప్రతి గుప్పెడూ చూసింది, బద్ద ఒకటి కనబడితే ఒట్టు. విత్తనం పడింది. పడిన తర్వాత నాయన అన్నట్టే బళ్ళారి వెళ్ళాడు, కాకపోతే ఒక్కడే వెళ్ళాడు. బస్సు పైన అత్త ట్రంకుపెట్టె వేసుకుని వచ్చాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో, ఎంత గొడవైందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. బావ జాగ్రత్త గురించి కూడా మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు.

ఇదంతా మంచిగా ముగిసిందని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది. నాకే నచ్చదు. నాయన ఆమెను వెనక్కి పంపలేదు, నిజమే. కానీ ఊరి నోటికి భయపడి ఆ నడిమి తలుపు దాటనివ్వలేదు కూడా. పెళ్ళిళ్ళకు తీసుకుపోలేదు, గుడికి మనిషి తోడు లేకుండా పంపలేదు. తాళం లేని గదిలో ఆమె చాలా ఏళ్ళు ఉంది, మేం పిల్లలం దాన్ని ఇల్లు అనుకున్నాం. అవ్వ పోయాక గానీ ఆమె కుట్టుమిషను నేర్చుకుని, నాయన ముఖం ముడుచుకున్నా లెక్క చేయకుండా, పుట్టపర్తిలో జాకెట్లు కుట్టే అంగడి పెట్టుకోలేదు. వచ్చేపోయే భక్తుల సందడిలో ఆ ఊళ్ళో ఆమెను ఎవరూ ఎక్కడిదానివని అడగలేదు, ఆమెకు అంతకన్నా ఏం కావాలి. ఇప్పుడు విత్తనాలు యంత్రాలు ఒలుస్తున్నాయి, లేదా ఒలిచినవి సంచుల్లో వస్తున్నాయి. కథలు ఫోనులో వస్తున్నాయి, చెవిలో పెట్టుకుని ఎవరిది వాళ్ళు వింటున్నారు. సుధను తప్పుపట్టడం లేదు, రోజంతా బ్యాంకులో తలపగిలి వచ్చే పిల్లకు అదొక ఊరట. కానీ ఆ కథకు ఎదురుగా ఎవరి వేళ్ళు బిగుసుకున్నాయో చూసే మనిషి లేదు. ఆ పనికి మా ఇంట్లో ఒక అవ్వ ఉండేది.

నేను బోర్లా పడుకుని ఉన్నానని తెలిసి రత్నత్త పుట్టపర్తినుంచి బస్సెక్కి ఒక్కతే వచ్చింది. ఆ వయసులో ఒక్కతే ఎందుకు వచ్చావని సుధ కేకలేస్తే, ఒక్కతే రావడం నాకు బాగా అలవాటని చెప్పింది. ఆమె వచ్చేసరికి ఫోను చదువుతూనే ఉంది. నా ముఖం కింద గచ్చు మీదికి రెండు పాదాలు వచ్చి ఆగాయి. వెండి మెట్టెలు లేవు, వేళ్ళు వంకర తిరిగాయి, ఏళ్ళ తరబడి మిషను తొక్కిన పాదాలు. కుర్చీ లాక్కుని కూర్చుని కాసేపు తనూ వింది. కొండమీది ఇంట్లో ఆ అమ్మాయి ఇంకా బయటపడలేదు.

"మనం ఊఁ అంటే ఈయమ్మకు ఇనపడతాదా పాపా?" అని అడిగింది.

వినపడదని చెప్పాను.

"మరి ఎవురికోసం చదువుతాండాది?" అంటూ లేచి, ఎక్కడో ఏదో నొక్కి, దాని నోరు మూయించింది. ఆమె ముఖం కనబడదు కనుకనేమో, ఇన్నేళ్ళుగా అడగనిది అడిగాను. ఆ రోజు కథ సగంలో ఆగిపోయింది కదా, ఆ గదిలో ఆడమనిషి చివరికి ఎలా బయటపడింది అని.

"మీ నాయన వచ్చి కూర్చున్న్యాడు గదా," అంది అత్త. "ఇంగ చెప్పేకి ఏముండాది?"

పాదాలు ఒకదాని మీద ఒకటి వేసుకుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు చాలా దగ్గరగా వచ్చింది, నా వైపు వంగినట్టుంది.

"బళ్ళారిలో ఆ గదిలో గూడా అదే కత చెప్పుకుంటాంటి. గోడకు చెప్పుకుంటాంటి. మీకు చెప్పింది సగమే పాపా, మీ అమ్మా మరియమ్మా ఉన్న్యారని మిగిలింది చెప్పలేదు. ఆడ ఊఁ అనే మనిషి లేకపాయె."

మిగిలింది చెప్పమన్నాను. ఆమె మొదలుపెట్టింది. మొదటి వాక్యం చెప్పి ఆగింది.

నేను గచ్చువైపే చూస్తూ ఊఁ అన్నాను.